మౌనమునకు సాక్షులు

1907వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన బొంబాయిలో టాటా ఇనుము ఉక్కు కంపెనీ రిజిస్టరయినది. ఆ యేటి చివరికే, సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు తావునకు సమీపమున, కాళీమాటి రైలుస్టేషనుకు కొద్ది దూరములో నున్న సాక్చి యను చిన్న పల్లె, ఇనుపరాతికిని నీటి వసతికిని అనువైన చోటు వెదకుచు తిరుగుచున్న ఆ కంపెనీ అన్వేషకుల కంటబడినది. ఈ రెండు ఘటనల నడుమ, నవంబరు 18వ తేదీ మధ్యాహ్నము, అరుణాచలముపై విరూపాక్ష గుహ ముంగిట ఒక తెలుగు పండితుడు ఒక మౌని పాదములను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, చదువులును జపములును ముగించియు తపస్సు స్వరూపము తనకు తెలియరాలేదని మొరపెట్టుకొనెను.

ఉక్కు కంపెనీకిని ఆ గుహకును ఏ సంబంధమును లేదు. లేని సంబంధమును కల్పించుట చరిత్ర వ్రాయువానికి తగదు. కాని ఆ పండితుడు పుట్టిన సీమయు, ఆ సాక్చిలో, అనగా నేటి జంషెడ్‌పూరులో, లేచిన ఈ కార్ఖానాకు పనివారిని పంపిన సీమయు ఒక్కటే. బొబ్బిలి, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల పల్లెలనుండి బెంగాల్ నాగపూర్ రైలుమార్గము వెంబడి ఖరగపూరునకును, అచ్చటినుండి కాళీమాటికిని వచ్చి, బిష్టుపూరులో శ్రీరామమందిరమును, కదమాలో ఆంధ్రసంఘమును నెలకొల్పుకొని, మూడు నాలుగు తరములుగా ఇచ్చటనే పుట్టి పెరుగుచున్న తెలుగు కుటుంబములకు, తమ సీమ కండబలమునే గాక హిందూధర్మములోని మౌనోపదేశ చరిత్రకు ఇద్దరు మహాపురుషులను సైతము ఇచ్చినదను సంగతి అంతగా తెలియదు. మౌనము తనంతట తాను చరిత్రలో నిలువజాలదు. మాట నేర్చినవారెవరో దానికి సాక్ష్యము పలుకవలెను. ఆ సాక్ష్యములో తెలుగువారి పాలు ఎంత పెద్దదో తలచుకొన్నప్పుడెల్ల నాకు గర్వము కలుగును, అది మనలోనే మరుగుపడి యుండుటకు బాధయు కలుగును.

జంషెడ్‌పూరు శబ్దములో పుట్టిన ఊరు. 1911 డిసెంబరులో మొదటి బ్లాస్ట్ ఫర్నేసునుండి ఇనుము కారినది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చినది. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి కంపెనీ మూలపురుషుడైన జంషెడ్జీ టాటా పేరు పెట్టెను. 1912లోనే ఎనిమిది గంటల పనిదినము ఇచ్చట అమలులోనికి వచ్చుటచే, ఊరి దినచర్య యంతయు షిఫ్టు కూతలకు ముడిపడినది. రోలింగు మిల్లులో ప్రక్కవాని మాట వినబడదు. పైన క్రేను గదిలో నున్నవాడు క్రింద నిలిచిన ఖలాసీ చేతినే చూచుచుండును: చూపుడువ్రేలు పైకెత్తి త్రిప్పినచో కొక్కెము లేవవలెను, క్రిందికి చూపి త్రిప్పినచో దిగవలెను, చేయి అడ్డముగా చాచినచో ఉన్నచోటనే ఆగవలెను. టన్నుల బరువు గాలిలో వ్రేలాడుచుండగా ఒక్క పలుకైనను లేక ఇద్దరు మనుష్యులు పరస్పరము సంపూర్ణముగా అర్థము చేసికొనుచుందురు.

ఇది మౌనమగునా? మన శాస్త్రకారులు ఈ ప్రశ్నను ఏనాడో వేసికొనిరి. యోగసూత్రములకు వ్యాసుడు రచించిన భాష్యము తపస్సును వివరించుచు కాష్ఠమౌనము, ఆకారమౌనము అని రెండు తెరగులు పేర్కొన్నది. నోట పలుకక సైగతో భావము తెలుపుట ఆకారమౌనము. సైగను సైతము విడిచి కట్టెవలె నుండుట కాష్ఠమౌనము. ఖలాసీ చేతిసైగ మొదటి దానిని పోలినది; అది భాషకు మరియొక రూపమే గాని భాషను దాటినది కాదు. భగవద్గీత ఇంకొక అడుగు ముందుకు వేసినది. పదునేడవ అధ్యాయములో తపస్సును శారీరము, వాఙ్మయము, మానసము అని విభజించి, ఎవరైనను మౌనమును వాక్కునకు సంబంధించిన తపస్సులో చేర్తురనుకొనగా, దానిని తీసికొనిపోయి మానసతపస్సులో చేర్చినది. నోరు మూసికొనుట మౌనములో అల్పభాగము మాత్రమేనని ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

అయినను ఇవన్నియు సాధకుని నియమములు. మౌనమే బోధ యగుట వేరు విషయము. అందు పలుకకుండుట గురువు వంతు, పని జరుగుట శిష్యునిలో. దీనికి మన వాఙ్మయములో పాత నిదర్శనము బాధ్వుని కథ. బాష్కలి యనువాడు బ్రహ్మమును గూర్చి చెప్పుమని అడుగగా బాధ్వుడు ఊరకుండెను. రెండవమారును మూడవమారును అడిగినను ఊరకయే యుండి, కడకు, తాను చెప్పుచునే యున్నాననియు, అడిగినవానికే తెలియుట లేదనియు, ఆత్మ ఉపశాంతమనియు పలికెనట. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యము మూడవ అధ్యాయములో దీనిని శ్రుతిగా ఉదాహరించిరి. వారు ఉదాహరించుటచేతనే ఇది మనకు దక్కినది. నన్ను ఈ కథలో ఆకర్షించునది బాధ్వుని మౌనము కాదు, కడపట అతడు నోరు విప్పుట. తన మౌనము బోధయేనని చెప్పుటకైనను అతనికి నాలుగు మాటలు కావలసివచ్చినవి.

శిల్పులు ఈ రహస్యమును తమ విధమున గుర్తించిరి. శివాలయముల దక్షిణపు గోడ గూటిలో నుండు దక్షిణామూర్తిని నిదానముగా చూడవలెను. పైన మఱ్ఱిచెట్టు, ఒక కాలు మడిచి రెండవ తొడపై నుంచి, రెండవ పాదము క్రింద అపస్మారుని అణచి కూర్చున్న యువకుడు, పాదముల చెంత గడ్డములు పెరిగిన వృద్ధ మునులు. కుడిచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిసి చిన్ముద్ర యైనవి. నోరు మూసియున్నది. కాని వెనుకటి చేతులు దాటి ముందరి ఎడమచేతిని చూడుడు: అందు తాళపత్ర పుస్తకము కలదు. మాటాడని గురువు చేత పుస్తకమేల? శంకరుల దక్షిణామూర్తి స్తోత్రమునకు సురేశ్వరుడు మానసోల్లాసమను విస్తృతమైన వార్తికమును రచించుట ఎందులకో, ఈ శిల్పి పుస్తకమును చెక్కుట అందులకే. శాస్త్రము చదువనివాని ఎదుట గురువు ఊరకుండినచో అది ఊరకుండుటయే యగును. చదివి, తర్కించి, మాటల చివరి మెట్టుకు చేరి నిలిచినవాని ఎదుట ఊరకుండినప్పుడే అది ఉపదేశమగును. ఆ మునులు ముసలివారగుటలోని స్వారస్యము ఇదియేనని నా నమ్మకము. శ్రీకాళహస్తికి పోవువారు వాయులింగమును సేవించి త్వరత్వరగా మరలక, అచ్చటి దక్షిణామూర్తి ఎదుట కొంతసేపు నిలువవలెనని నేను తెలిసినవారితో ఎల్లప్పుడును చెప్పుచుందును.

ఇక మన సీమ ఇచ్చిన ఇద్దరిలో మొదటివాడు త్రైలింగస్వామి. విజయనగర ప్రాంతమున శివరాముడను పేర పుట్టి, తల్లి మరణానంతరము ఇల్లు విడిచి, దేశమెల్ల తిరిగి కాశి చేరి, పంచగంగాఘట్టమున కడదాక నివసించి 1887లో దేహము చాలించిన ఈ మహనీయుని గూర్చి తెలుగుదేశములో కంటె బెంగాలులో ఎక్కువగా చెప్పుకొందురు. జంషెడ్‌పూరులోనే బెంగాలీ ఇండ్లలో రామకృష్ణ పరమహంస పటము చెంత ఆ స్థూలకాయుని, దిగంబరుని పటమును చూచి, ఈయన మావాడని చెప్పగల తెలుగువారు కొద్దిమందియే. ఆయన వందల యేండ్లు జీవించెనని చెప్పు లెక్కలను నేను ప్రమాణముగా తీసికొనను. అవి లేకున్నను ఆయన గొప్పతనమునకు లోపము లేదు.

1868లో రామకృష్ణులు తమ భక్తుడైన మథురబాబుతో తీర్థయాత్రకు వచ్చి కాశిలో ఆయనను దర్శించిన వృత్తాంతమును శారదానందస్వామి తమ రామకృష్ణ లీలాప్రసంగ గ్రంథములో పొందుపరచిరి. ఎండకు కాలు మోపరాని ఇసుకపై త్రైలింగస్వామి సుఖముగా పరుండి యుండెనట. అప్పటికి ఆయన మౌనములో నుండి, వచ్చిన అతిథికి నస్యపు డబ్బీని అందించి ఆదరించెను. ఈశ్వరుడు ఒకడా, అనేకుడా అని రామకృష్ణులు సైగతో అడిగిరి. సమాధిలో నున్నంతకాలము ఒకడు, నేను, నీవు, జీవుడు, జగత్తు అను భేదబుద్ధి యున్నంతకాలము అనేకుడు అని ఆయనయు సైగతోనే ఉత్తరమిచ్చెను. వేదాంతులు శతాబ్దముల తరబడి వాదించిన ప్రశ్న ఇద్దరి చేతుల కదలికలో ముగిసినది. నిజమైన పరమహంస స్థితి ఇదియని రామకృష్ణులు తమ మేనల్లుడైన హృదయునకు చూపిరి. అడిగినవాడును ఉత్తరమిచ్చినవాడును వ్రాయలేదు. కాని రామకృష్ణులు అనర్గళముగా మాటాడువారు, ఆయన మాటలను పదిలపరచువారు చుట్టును ఉండిరి. ఆ కారణముననే విజయనగరపు మౌని ఉత్తరము నేటికి మన చెవిని సోకుచున్నది.

రామకృష్ణుల పేర వెలసిన సంస్థ ఈ ఊర బిష్టుపూరులోనే కలదు. అప్రస్తుతమైనను ఒక్క సంగతి చెప్పి సాగెదను: 1893లో వివేకానందస్వామి అమెరికాకు పోవుచు యొకొహామానుండి ఎక్కిన ఓడలోనే జంషెడ్జీ టాటాయు ప్రయాణము చేసెను; ఆ ప్రయాణములోని సంభాషణలను తలచుకొని, దేశములోని సన్న్యాసస్ఫూర్తిని విజ్ఞానసేవకు మళ్లించుటకు తోడ్పడుమని 1898 నవంబరులో జంషెడ్జీ ఆయనకు లేఖ వ్రాసెను. ఈ పారిశ్రామిక నగరపు మూలపురుషునకు తపస్వులన్నచో పరాయివారు కారు.

త్రైలింగస్వామికి ముందే, కావేరీతీరమున, తెలుగు దంపతులకు పుట్టినవారని చెప్పబడు సదాశివ బ్రహ్మేంద్రులు వాదములో అందరిని ఓడించుచుండగా, గురువైన పరమశివేంద్రులు మందలించుటతో నోరు కట్టుకొని, శేషజీవితము మౌనముగా గడపిరని సంప్రదాయము. ఆయన కీర్తనలు ఇప్పటికిని కచేరీలలో వినబడుచున్నవి. ఈ చరిత్రలో మరల మరల ఎదురగు విశేషమిది: మౌనమున ప్రవేశించినవారిలో మాట చేతగానివారు అరుదు.

అట్టివారిలో అగ్రగణ్యుడు, మన సీమ ఇచ్చిన రెండవవాడు, కావ్యకంఠ గణపతిముని. 1878లో బొబ్బిలి ప్రాంతపు కలువరాయి గ్రామమున జన్మించి, బాల్యముననే సంస్కృత కవిత్వమును వశపరచుకొని, 1900లో నవద్వీప పండితుల సభలో ఆశువుగా సమస్యలను పూరించి కావ్యకంఠ బిరుదమును గ్రహించినప్పుడు ఆయనకు సుమారు ఇరువదిరెండేండ్లు. తర్కమునకు పుట్టినిల్లైన నవద్వీపము దక్షిణాదినుండి వచ్చిన యువకునకు అట్టి గౌరవమిచ్చుట సామాన్యము కాదు. ఆ కంఠమే ఏడేండ్ల పిదప విరూపాక్షగుహ ముంగిట గద్గదమైనది.

ఆ గుహలో నున్నది ఇంకను ఇరువదియెనిమిదేండ్లు నిండని యువకుడు. 1896 సెప్టెంబరు 1వ తేదీన మదురనుండి తిరువణ్ణామలై చేరినది మొదలు ఆయన మాటాడుట మిక్కిలి అరుదు; జనులు బ్రాహ్మణస్వామి యనుచుండిరి. తాను మౌనవ్రతము పట్టలేదనియు, మాటాడవలసిన అవసరము తోచలేదనియు ఆయన తరువాతి కాలమున చెప్పెను. గణపతిముని రాకకు ముందే, మునిసిపల్ ఓవర్సీయరైన గంభీరం శేషయ్య యోగవేదాంత గ్రంథములలోని సందేహములను కాగితముపై పెట్టగా చీటీలపై ఉత్తరములు వ్రాసెను. 1902లో రెవెన్యూ ఉద్యోగి శివప్రకాశం పిళ్లె నేనెవడనని అడుగగా వ్రాతమూలముననే సమాధానములిచ్చెను. అనగా అప్పటికే ఆ మౌనము ఉద్యోగస్థులైన గృహస్థుల చేతిలో గ్రంథముగా మారుచుండెను.

గణపతిముని ప్రశ్నకు మాత్రము వెంటనే చీటీ రాలేదు. స్వామి ఆయనను కదలని చూపుతో పావుగంట సేపు చూచుచు ఊరకుండెను. ఆ పిమ్మట తమిళములో మెల్లగా రెండే సంగతులు చెప్పెను: నేనను తలపు ఎచ్చటనుండి పుట్టుచున్నదో కనిపెట్టినచో మనస్సు అచ్చటనే లీనమగును, అది తపస్సు, మంత్రము జపించునప్పుడు ఆ నాదము ఎచ్చటనుండి పుట్టుచున్నదో కనిపెట్టినచో మనస్సు అచ్చటనే లీనమగును, అది తపస్సు. చరిత్రకారులు సాధారణముగా ఈ రెండు వాక్యములనే ఉపదేశమని వ్రాసి, ముందరి పావుగంటను ఉపోద్ఘాతముగా విడిచిపెట్టుదురు. నాకు అది తారుమారుగా తోచును. అంత చదివినవానికి ఆ రెండు వాక్యముల అర్థములో కొత్తదనము ఎంత యుండును? ఆ పావుగంటలో ఆయనలో తర్కించు యంత్రము ఆగినది గనుకనే ఆ వాక్యములు శాస్త్రముగా గాక స్వానుభవముగా వినబడినవి.

ఆ సాయంకాలము పరిచారకుడైన పళనిస్వామివలన స్వామి అసలు పేరు వేంకటరామన్ అని తెలిసికొని, దానిని కుదించి, భగవాన్ శ్రీరమణమహర్షి యని లోకమునకు ప్రకటించినది ఈ తెలుగు కవియే. నేడు ఖండాంతరములలో ఉచ్చరింపబడు ఆ నామము ఆయన పెట్టినది. అనంతరము గణపతిముని ఉమాసహస్రమను కావ్యమును ఇరువది దినములలో ముగింప సంకల్పించి, చివరినాటి రాత్రి మిగిలిన శ్లోకములను పలువురు లేఖకులకు ఒక్కసారిగా చెప్పుచుండగా, మహర్షి కన్నులు మూసి ప్రక్కనే కూర్చుండెననియు, ముగిసిన పిమ్మట కన్ను తెరచి, తాను చెప్పినదంతయు వ్రాసికొంటిరా యని అడిగెననియు రమణాశ్రమ సంప్రదాయము చెప్పును. బాధ్వుని మాటకును ఈ ప్రశ్నకును ఎంత దగ్గరతనము! ఒకడు పలుకకుండగా మరియొకని కంఠమున వాక్కు ప్రవహించినది. ఇద్దరిలో ఎవరు చెప్పిరో ఎవరు వ్రాయించిరో విడదీయుట వ్యర్థము.

గణపతిముని కడపటి సంవత్సరములు ఖరగపూరు చెంత నింపురాలో గడచినవి. 1936 జూలై 25వ తేదీన ఆయన అచ్చటనే సిద్ధిపొందెను. టాటానగరమునుండి అది రైలుమార్గమున సుమారు 130 కిలోమీటర్లు. ఖరగపూరు రైలు వర్కుషాపులోను, జంషెడ్‌పూరు కార్ఖానాలోను అన్నదమ్ములు చెరియొక చోట పనిచేసిన తెలుగు కుటుంబములు ఉన్నవి. వారిలో ఎందరు ఆ దినములలో నింపురాకు పోయి ఆయనను చూచిరో చెప్పువారు లేకపోవుట నాకు పెద్ద లోటుగా తోచుచున్నది. వృద్ధులు జీవించియుండగానే ఇట్టి సంగతులను అడిగి వ్రాసికొనవలసియుండెను.

వ్రాసికొనుట యనగా ఎట్టిదో మరి ఇద్దరు తెలుగువారు చూపిరి. 1935 నుండి 1939 వరకు ఆశ్రమ మందిరములో జరిగిన సంభాషణలను మునగాల వెంకటరామయ్య ఇంగ్లీషులో నిత్యము వ్రాసి యుంచెను. అంతరంగశాంతినుండి అహంకారము, దానినుండి తలపు, తలపునుండి మాట పుట్టునని, కావున మాటకంటె మౌనము బలవత్తరమని మహర్షి వివరించిన తీరు మనకు తెలియుట ఆ నోటుపుస్తకముల చలువయే. రెండవవారు సూరి నాగమ్మగారు. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టి, బాల్యముననే వైధవ్యము పొంది, బడికి పోకున్నను ఇంటనే పురాణములు చదువుకొని, 1941లో ఆశ్రమము చేరిన ఆమె, 1945 చివరినుండి తన అన్నగారికి తెలుగులో లేఖలు వ్రాయసాగెను. పండితులు వ్రాయుటకు తగినవిగా భావింపని వానిని ఆమె వ్రాసినది: ఆవు, ఉడుత, నెమలి, ప్రశ్నించువాని ముఖము, ప్రశ్న ముగిసిన వెనుక మహర్షి ఎంతసేపు ఊరకుండెనో, ఆ ఊరకుండుటలో చిరునవ్వు కలదో లేదో. మౌనమును వర్ణింపవలెనన్నచో దాని అంచులను వర్ణించుట తప్ప వేరు మార్గము లేదని ఆమెకు ఎవరును నేర్పలేదు. తెలుగు వచనములో ఆ లేఖలకు దక్కవలసిన స్థానము ఇంకను దక్కలేదని నా అభిప్రాయము.

మౌనోపదేశము అడవులకే చెల్లుననియు, మూడు షిఫ్టులలో నలుగు కార్మికునకు అది అందరానిదనియు ఈ ఊరివారు కొందరు నాతో అనుట కలదు. కాని శేషయ్య పురపాలక సంఘములో పని చూచుచునే శిష్యుడాయెను. గణపతిముని వేలూరు బడిలో పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడు. ఉద్యోగము విడిచి వచ్చెదమన్నవారిని మహర్షి ప్రోత్సహింపలేదు. ఆటంకము ఉద్యోగములో లేదనియు, నేను చేయుచున్నానను తలపులో నున్నదనియు చెప్పెడివారు. ఆయనయు చాల ఏండ్లు తెల్లవారక పూర్వమే లేచి ఆశ్రమపు వంటయింట కూరలు తరుగుచు, పచ్చళ్లు రుబ్బుచు, పొయ్యి దగ్గర నిలిచి పని చేసెను. తరువాత మందిరమున సోఫాపై కూర్చున్న మౌనిని దర్శింప దూరదేశములనుండి వచ్చినవారిలో చాలమందికి, ఆయన అప్పటికే సగము షిఫ్టు పని ముగించుకొని వచ్చి కూర్చుండెనని తెలియదు.